బిడ్డ కదలికలు తగ్గాయనిపిస్తే ఏం చేయాలి? విశాఖ గర్భిణులకు సమగ్ర మార్గదర్శి

ఏడో నెల దాటి, ఇవాళ కడుపులో బిడ్డ రోజూలా తిరగడం లేదని అనుమానం వచ్చి ఇది తెరిచారా? అయితే చివరిదాకా చదువుతూ కూర్చోకండి. మీరు చూపించుకునే ఆసుపత్రి లేబర్ రూమ్‌కి ఫోన్ చేసి బయల్దేరండి. మిగతాది దారిలో చదువుకోవచ్చు.

ఆ తొందర లేనివాళ్లకు తీరిగ్గా చెప్పాల్సింది చాలా ఉంది. కదలికలు నిజంగా తగ్గాయా, బిడ్డ క్షేమంగా ఉందా అని ఇంట్లో కూర్చుని తేల్చుకోవడం మీ పని కాదు, మీ అత్తగారి పనీ కాదు. తేడా కనిపెట్టడం వరకే మీ వంతు. తేల్చడానికి ఆసుపత్రిలో మిషన్లున్నాయి, మనుషులున్నారు. ఈ రెండు పనులూ ఒకరే మీద వేసుకోవడం వల్లే రాత్రంతా టెన్షన్ పడి, తెల్లారాక ఓపీ చీటీ కోసం నిలబడేవాళ్లు ఎక్కువ.

మొదటి పని: మీ బిడ్డ వాటం తెలుసుకోవడం

తొలి కాన్పు వాళ్లకు 20 వారాల అటూఇటుగా కదలికలు తెలుస్తాయి. మలి కాన్పుకి ఇంకాస్త ముందే, 16 వారాల నుంచి కూడా తెలియవచ్చు. మొదట్లో గ్యాసేమో అనుకుంటాం. 24 వారాలు వచ్చినా ఒక్కసారీ ఏమీ తెలియకపోతే తర్వాతి చెకప్ దాకా ఆగకుండా డాక్టర్‌కి చెప్పాలి. స్కాన్ రిపోర్టులో 'ప్లాసెంటా యాంటీరియర్' అని ఉంటే, మాయ కడుపు ముందు గోడకు అంటుకుని ఉందని అర్థం. అలాంటప్పుడు తొలి వారాల్లో తన్నులు మెత్తగా, ఆలస్యంగా తెలుస్తాయి. అయితే 28 వారాలు దాటాక కదలికలు తగ్గితే 'మాయ ముందు వైపు ఉంది కదా, అందుకే' అని సరిపెట్టుకోకూడదు.

కదలికలు సుమారు 32 వారాల దాకా పెరుగుతూ వస్తాయి. ఆ తర్వాత పెద్దగా పెరగవు, అలాగని తగ్గకూడదు కూడా. ఇక్కడే మన ఇళ్లలో ఒక మాట అడ్డం వస్తుంది: "నెలలు నిండాక లోపల చోటు చాలదమ్మా, బిడ్డ కిందికి దిగిపోతుంది, అందుకే మెసలదు." చదువుకున్నవాళ్లు కూడా దీన్ని నమ్మేస్తారు. చోటు తగ్గేమాట నిజమే. దానివల్ల కదిలే తీరు మారుతుంది. ఆరేడు నెలల్లో టక్కున తన్నిన బిడ్డ, తొమ్మిదో నెలలో పొర్లుతుంది, ఒళ్లు విరుచుకుంటుంది, పక్కటెముకల కింద పాదం పెట్టి నెడుతుంది. ఎన్నిసార్లు కదిలిందన్న లెక్కలో మాత్రం తేడా రాకూడదు. నొప్పులు మొదలైన రోజు కూడా బిడ్డ కదులుతూనే ఉండాలి.

కడుపులో బిడ్డకీ నిద్ర ఉంటుంది. ఒక్కో కునుకు 20 నుంచి 40 నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ గంటన్నరకు మించి నిద్రపోవడం అరుదు. కాబట్టి అరగంట నిశ్శబ్దానికి గుండె ఝల్లుమనక్కర్లేదు. "పొద్దుట్నుంచీ పడుకునే ఉంది లెండి" అని మధ్యాహ్నం దాకా లాగడమూ కుదరదు.

చాలామందికి సాయంత్రం నుంచి పడుకునే వేళ దాకా కదలికలు బాగా తెలుస్తాయి. పగలు పనిలో, బస్సులో, ఆఫీసులో ఉంటే కదిలినా మన ధ్యాస అటు పోదు. ఒకే తాళంలో టక్ టక్ మని ఆగకుండా వచ్చేవి ఎక్కిళ్లు. వాటికి భయపడక్కర్లేదు, అలాగని లెక్కలో వేసుకోకూడదు.

చెల్లెలి కడుపులో బిడ్డతో, పక్కింటావిడ బిడ్డతో పోలిక పెట్టకండి. 'తనకి రోజంతా తంతూనే ఉందట' అన్న మాట మీకు పనికిరాదు. మీ బిడ్డకు నిన్నటి మీ బిడ్డే కొలత.

రెండో పని: రోజుకో వేళ కేటాయించడం

28 వారాల నుంచి మొదలుపెట్టండి. రాత్రి భోజనం అయ్యాక, టీవీ కట్టేసి, ఫోన్ పక్కన పడేసి, ఎడమవైపు తిరిగి పడుకుని కడుపు మీద చెయ్యి వేసుకోండి. తన్నడం, పొర్లడం, నెట్టడం, ఏదైనా ఒక కదలికే. వరసగా మూడుసార్లు గబగబా తంతే అది ఒకటా మూడా అని బుర్ర పాడుచేసుకోకండి. రోజూ మీరు ఎలా లెక్కేస్తారో అలాగే వేయండి, అంతే.

లెక్క విషయంలో ఒక్కో డాక్టర్ ఒక్కోలా చెబుతారు. మన దగ్గర ఎక్కువగా చెప్పేది: పొద్దున, మధ్యాహ్నం, రాత్రి గంట చొప్పున గమనించాలి, ఒక్కో గంటలో కనీసం 3 కదలికలు తెలియాలి, 12 గంటల్లో 10కి తగ్గకూడదు. ఇంకో పద్ధతిలో పక్కకు తిరిగి పడుకుని 2 గంటల్లో 10 కదలికలు చూస్తారు. మీ డాక్టర్ ఏది చెబితే అది పాటించండి. రెండూ కలిపి గజిబిజి చేసుకోవద్దు.

అయితే అంకెను మరీ పట్టుకు వేలాడకూడదని నా ఉద్దేశం. రోజూ గంటకు పాతికసార్లు తిరిగే బిడ్డ ఇవాళ నాలుగుసార్లే తిరిగితే, లెక్క ప్రకారం 'మూడు దాటింది' కాబట్టి అంతా బాగున్నట్టే. మీకు మాత్రం అది పెద్ద తేడా, ఫోన్ చేయాల్సిన తేడా. బ్రిటన్, ఐర్లండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలను పరిశీలించిన 'అఫర్మ్' అధ్యయనం 2018లో వెలువడింది. కదలికలు తగ్గితే వెంటనే రమ్మని తల్లులకు నేర్పి, వచ్చినవాళ్లకు ఒక పద్ధతి ప్రకారం పరీక్షలు చేసినా, కడుపులోనే బిడ్డ చనిపోయే ఘటనలు లెక్కకొచ్చేంతగా తగ్గలేదు. నొప్పులు తెప్పించడం, సిజేరియన్లు మాత్రం పెరిగాయి. గమనించడం దండగ అని దీనర్థం కాదు, కదలిక తగ్గడం బిడ్డ ఇబ్బందిలో ఉందని తల్లికి అందే తొలి కబురు కావచ్చు. కాకపోతే గంటగంటకూ యాప్‌లో నొక్కుతూ, దానికే బెంగపడి నిద్ర పాడుచేసుకునేంత అవసరం లేదు.

మూడో పని: తేడా అనిపించిన వేళ

కదలికలు ఆగిపోయినట్టు, బాగా తగ్గినట్టు స్పష్టంగా తెలిస్తే లెక్కపెడుతూ కూర్చోవద్దు. నేరుగా ఫోన్, ఆ వెంటనే ఆసుపత్రి.

'పనిలో పడి గమనించలేదేమో' అన్న సందేహం ఉంటేనే, పని ఆపి, ఆకలిగా ఉంటే ఏదైనా తిని, ఎడమవైపు తిరిగి పడుకోండి. మనసంతా కడుపు మీదే పెట్టండి. 2 గంటల్లో 10 కదలికలు రాకపోతే వెళ్లాలి. ఈలోపే 'ఏదో బాలేదు' అని గట్టిగా అనిపిస్తే 2 గంటలూ పూర్తి చేయనక్కర్లేదు.

కొందరికి ఈ గడువు కూడా లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లు, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని, ఉమ్మనీరు తక్కువగా ఉందని స్కాన్‌లో చెప్పినవాళ్లు, ఇంతకుముందు కడుపులో బిడ్డను పోగొట్టుకున్నవాళ్లు, డెలివరీ తేదీ దాటిపోయినవాళ్లు అనుమానం రాగానే వెళ్లాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నా, తట్టుకోలేని తలనొప్పి, కళ్లు మసకలు, పైకడుపులో నొప్పి, ఆగని కడుపునొప్పి, జ్వరం, అరచేతుల్లో అరికాళ్లలో విపరీతమైన దురద ఉన్నా అంతే. బిడ్డ ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంతగా కొట్టుకుని, ఆపైన ఒక్కసారిగా నెమ్మదిస్తే 'అలసిపోయి పడుకుంది' అనుకోవద్దు. 28 వారాలు నిండకపోయినా, అంతకుముందు బాగా తెలిసిన కదలికలు తగ్గితే, లెక్కలేవీ పెట్టకుండా ఫోన్ చేసి గుండె చప్పుడు చూపించుకోవాలి.

బిడ్డ ఊపిరితిత్తుల కోసం మీకు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చాక ఒకటి రెండు రోజులు కదలికలు తగ్గొచ్చు. మత్తు కలిగించే కొన్ని మందుల వల్ల కూడా తగ్గొచ్చు. ఇది డాక్టర్ విని చెప్పాల్సిన మాట. మీకు మీరే చెప్పుకుని ఊరుకోవద్దు.

ఇక చేయకూడనివి. ఐస్ వాటర్ తాగితే, చాక్లెట్ తింటే, జ్యూస్ తాగితే బిడ్డ తంతుందని అందరూ చెబుతారు. అవి తాగితే బిడ్డ కదలికలు నిజంగా పెరుగుతాయని ఏమీ రుజువు కాలేదు. ఒకవేళ చల్లనీళ్లకి ఒక్క తన్ను తన్నినా బిడ్డ బాగుందని అది హామీ కాదు, వెళ్లాల్సిన ప్రయాణాన్ని మాత్రం వాయిదా వేయిస్తుంది. ఆన్‌లైన్‌లో దొరికే, బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుందనే చేతి డాప్లర్ మిషన్‌ది ఇంకా పెద్ద మోసం. దాంట్లో మాయలో పారే రక్తం చప్పుడు, మీ నాడి చప్పుడు కూడా వినిపిస్తాయి. అది బిడ్డ గుండె అనుకుని మీరు నిశ్చింతగా పడుకుంటారు. బిడ్డ గుండె చప్పుడే వినిపించినా, అది కొట్టుకుంటోందని తెలుస్తుంది తప్ప బిడ్డ ఇబ్బందిలో లేదని తెలియదు. దిష్టి తీయించుకోవాలనిపిస్తే తీయించుకోండి, కానీ ఆసుపత్రి నుంచి వచ్చాక.

నాలుగో పని: ఫోన్‌లో ఏం చెప్పాలి

కంగారులో "బిడ్డ సరిగా లేదు మేడమ్" అంటే అవతలివాళ్లకు ఏమీ అర్థం కాదు. ఇలా చెప్పండి: "మేడమ్, నాకు 35 వారాలు, మొదటి కాన్పు, మీ దగ్గరే చూపించుకుంటున్నాను. రోజూ సాయంత్రం బాగా తిరిగే బిడ్డ ఇవాళ మధ్యాహ్నం నుంచి సరిగా తిరగట్లేదు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఇప్పుడే బయల్దేరుతున్నాం, ఎన్‌ఎస్‌టీ చేయాలి." ఎన్‌ఎస్‌టీ అంటే బిడ్డ గుండె కొట్టుకునే తీరును మిషన్ మీద చూసే పరీక్ష.

'రావచ్చా' అని అడగడం కన్నా 'వస్తున్నాం' అనడం మేలు. అడిగితే అవతల ఎవరో నిద్రమత్తులో 'పొద్దున ఓపీకి రండమ్మా' అనొచ్చు. అలా అంటే, "లేదు మేడమ్, కదలికలు తగ్గాయి, డ్యూటీ డాక్టర్ ఒకసారి చూడాలి" అని మర్యాదగానే, గట్టిగా చెప్పండి. ఫోన్ ఎత్తకపోయినా బయల్దేరండి. ఏమీ లేకపోతే నవ్వుతారేమో అన్న మొహమాటం అక్కర్లేదు. ఇలా ఒకసారి కదలికలు తగ్గి వచ్చినవాళ్లలో 10 మందికి సుమారు ఏడుగురికి కాన్పు ఏ చిక్కూ లేకుండానే అవుతుంది. ఆ సంగతి లేబర్ రూమ్ వాళ్లకూ తెలుసు. వాళ్లు వెతికేది మిగతా ముగ్గురి కోసం.

ఐదో పని: ఎక్కడికి, ఎలా

మీ కేసు తెలిసిన ఆసుపత్రిలో 24 గంటలూ లేబర్ రూమ్, డాక్టర్ ఉంటే అక్కడికే వెళ్లండి. వీధి చివర స్కానింగ్ సెంటర్‌కి వెళ్లి 'ఒకసారి గుండె చప్పుడు చూడండి' అనడం వల్ల ఒరిగేదేమీ లేదు. అవసరమైతే అప్పటికప్పుడు కాన్పు చేయగల చోటికే వెళ్లాలి. ప్రభుత్వ వైద్యమైతే మహారాణిపేటలో కేజీహెచ్ ఉంది. వన్‌టౌన్ వైపు ఆడవాళ్లకు, పిల్లలకే ప్రత్యేకంగా విక్టోరియా ఆసుపత్రి ఉంది, మనందరం ఘోషాసుపత్రి అనేది దాన్నే. ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తారు. అది మామూలు చెకప్‌కి మంచిదే, కానీ 7న కదలిక తగ్గితే 9 దాకా ఆగకూడదు.

గాజువాక నుంచో పెందుర్తి నుంచో ఊళ్లోకి రావాలంటే సాయంత్రం ఎన్‌ఏడీ దగ్గర ఎంతసేపు పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మధురవాడ, భీమిలి వాళ్లకు హైవే ఉన్నా హనుమంతవాక దగ్గర ఆగాల్సిందే. సింహాచలం గిరి ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి జరుగుతుంది. హనుమంతవాక నుంచి ఎన్‌ఏడీ, గోపాలపట్నం దాకా ఊరిని చుట్టేసే 32 కిలోమీటర్ల దారంతా జనమే. బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాలు ఉన్న రోజూ అంతే. మీ తేదీలు అటూఇటుగా ఉంటే ఏ దారిన వెళ్లాలో ముందే అనుకోండి. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు, రోడ్ల నిండా చెట్లు పడిపోయాయి. తుపాను హెచ్చరిక వస్తే, నెలలు నిండిన మనిషి ఆసుపత్రికి దగ్గరున్న చుట్టాలింటికి ముందురోజే మారిపోవడం మంచిది.

బండి నడుపుకుంటూ ఒంటరిగా వెళ్లకండి. ఎవరూ లేకపోతే 108కి ఫోన్ చేయండి. 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ కాన్పయ్యాక ఇంటికి దించడానికి, అత్యవసరానికి 108. మీ వీధి ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం నంబర్లు కూడా ఫోన్‌లో ఉండాలి.

పుట్టింటికి వెళ్లేవాళ్లకు ఒక మాట. శ్రీమంతం అవ్వగానే శ్రీకాకుళమో పార్వతీపురమో వెళ్లిపోతారు, డాక్టర్ మాత్రం వైజాగ్‌లో ఉంటారు. అర్ధరాత్రి తేడా వస్తే వైజాగ్ దాకా రావాలని చూడకండి. వెళ్లిన వారంలోపే అక్కడ దగ్గర్లో ఉన్న ఆసుపత్రిలో పేరు రాయించుకుని, రాత్రిపూట ఎవరు ఉంటారో, సిజేరియన్ చేస్తారో లేదో కనుక్కోండి. తల్లీబిడ్డ కార్డు, స్కాన్ రిపోర్టులు, బ్లడ్ గ్రూపు కాగితం, మందుల చీటీ ఒకే ఫైల్లో పెట్టి తలుపు దగ్గర ఉంచండి. ఆ ఫైలు ఎక్కడుందో మీ ఆయనకూ అమ్మకూ తెలియాలి.

ఆరో పని: ఆసుపత్రిలో ఏం జరుగుతుంది

ముందు బీపీ చూస్తారు, కడుపు తడిమి చూస్తారు, బిడ్డ గుండె చప్పుడు వింటారు. ఆ తర్వాత ఎన్‌ఎస్‌టీ. తల ఎత్తుగా, కాస్త పక్కకు ఒరిగేలా పడుకోబెడతారు. కడుపు చుట్టూ రెండు బెల్టులు కడతారు. చల్లటి జెల్ రాసి పెట్టే గుండ్రటి బిళ్ల బిడ్డ గుండెకు. పైన, బొడ్డుకు ఎగువన పెట్టేది కడుపు గట్టిపడటాన్ని పట్టడానికి. చేతిలో ఒక బటన్ పెట్టి 'బిడ్డ కదిలినప్పుడల్లా నొక్కమ్మా' అంటారు. మిషన్ నుంచి గుర్రం పరుగు లాంటి చప్పుడు గదంతా వినిపిస్తుంది. పక్కనే గళ్ల కాగితం మెల్లగా బయటికి వస్తుంటుంది. మధ్యలో చప్పుడు ఆగిపోతే హడలిపోకండి. చాలాసార్లు బిడ్డ పక్కకు తిరగడం వల్ల బిళ్ల గుండె మీంచి జారిపోతుంది. సిస్టర్ వచ్చి సర్దుతారు.

బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి. అది ఒకే గీతలా సాగకుండా, మధ్యమధ్యలో పైకి లేవాలి. నెలలు దగ్గరపడ్డ బిడ్డకు 20 నిమిషాల్లో కనీసం రెండుసార్లు, ఆ వేగం నిమిషానికి 15 చొప్పున పెరిగి 15 సెకన్లైనా నిలవాలి. అలా ఉంటే కాగితం మీద 'రియాక్టివ్' అని రాస్తారు. బిడ్డ నిద్రలో ఉంటే 40 నిమిషాల దాకా పెడతారు, కాబట్టి ఆలస్యం అయినంత మాత్రాన చెడు అనుకోవద్దు.

కాగితం బాగుండి, మీకూ కదలికలు మళ్లీ తెలిసి, వేరే ఇబ్బందులు లేకపోతే ఇంటికి పంపొచ్చు. లేదంటే స్కాన్: బిడ్డ బరువు ఎదుగుదల ప్రకారం ఉందా, ఉమ్మనీరు సరిపడా ఉందా, బొడ్డుతాడులో రక్తం బాగా పారుతోందా (దీన్నే డాప్లర్ అంటారు) అని చూస్తారు. రిపోర్టులో ఏఎఫ్‌ఐ అని ఉండేది ఉమ్మనీటి కొలత, 5 నుంచి 25 సెంటీమీటర్ల మధ్య ఉంటే మామూలు. 'పేగు మెడకు చుట్టుకుంది' అని రాసి ఉంటే చాలామంది అక్కడే ఏడ్చేస్తారు. అలా చుట్టుకుని క్షేమంగా పుట్టే పిల్లలు ఎందరో ఉన్నారు. అదొక్కటే చూసి ఆపరేషన్‌కి తొందరపడకుండా, ఎన్‌ఎస్‌టీ, డాప్లర్ ఎలా ఉన్నాయో అడగండి.

బయటికి వచ్చే ముందు మూడు సంగతులు అడిగి రాయించుకోండి: బిడ్డ ఎదుగుదల సరిగా ఉందా, మళ్లీ ఎప్పుడు చూపించాలి, ఈ రాత్రే మళ్లీ తగ్గితే ఎవరికి ఫోన్ చేయాలి.

ఇంట్లోవాళ్లు అడ్డుపడితే

"మా రోజుల్లో ఇవన్నీ ఎక్కడివమ్మా, పొద్దున చూద్దాంలే" అనే అత్తగారితో రాత్రి 11 గంటలకు వాదన పెట్టుకుంటే సమయం పోతుంది. "అత్తయ్యా, మీరన్నట్టే ఏమీ ఉండకపోవచ్చు. ఒకసారి చూపించుకుని వచ్చేస్తాం, డాక్టరమ్మే ఎంత రాత్రైనా రమ్మన్నారు" అనండి. అందుకే ఏడో నెల చెకప్‌లో భర్తనీ అత్తగారినీ లోపలికి తీసుకెళ్లి, కదలికల సంగతి డాక్టర్ నోటితోనే వాళ్లకు చెప్పించడం తెలివైన పని. మగవాళ్లకో మాట: ఆవిడ రెండోసారి అడిగేదాకా ఆగకండి, తాళాలు తీయండి.

ఇంటికొచ్చాక

రియాక్టివ్ వచ్చిందంటే బిడ్డ ఇప్పటికి బాగుందని. వచ్చే వారానికి కూడా గ్యారంటీ ఇచ్చినట్టు కాదు. మూడు రోజులకు మళ్లీ తగ్గితే 'మొన్ననే వెళ్లొచ్చాం కదా, ఏమనుకుంటారో' అని తటపటాయించకండి. మళ్లీ మళ్లీ తగ్గుతుంటే డాక్టర్లు ఇంకా జాగ్రత్తగా చూస్తారు. అప్పటిదాకా గ్రోత్ స్కాన్, డాప్లర్ చేయకపోతే చేయించమని అడగండి. 39 వారాలు దాటితే నొప్పులు తెప్పించే విషయం వాళ్లే మాట్లాడొచ్చు. దాని లాభనష్టాలు రెండూ విని నిర్ణయించుకోండి.

28 వారాల నుంచి రాత్రి పడుకునేటప్పుడు వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోండి. ఎడమవైపైనా సరే, కుడివైపైనా సరే. వెల్లకిలా పడుకుంటే బిడ్డ బరువు పెద్ద రక్తనాళాల మీద పడి మాయకు రక్తం తగ్గుతుంది. మధ్యలో మెలకువ వచ్చేసరికి వెల్లకిలా ఉంటే ఏదో అయిపోయిందని కంగారుపడకుండా, పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోండి.